‘బిడ్డ బరువు తక్కువ’ అన్న స్కానింగ్ రిపోర్టు చూసి ఆపరేషన్ తేదీ పెట్టుకోవాలా?

ప్రశ్న: నా వయసు 27 సంవత్సరాలు, ఎత్తు 150 సెంటీమీటర్లు, గర్భం రాకముందు బరువు 45 కిలోలు. మాది ఖమ్మం జిల్లా. ఇది తొలి కాన్పు. నాకు మొదటి నుంచీ నెలసరి దాదాపు 40 రోజులకు ఒకసారి వచ్చేది. నెలసరి లెక్క ప్రకారం డిసెంబర్ 10న కాన్పు కావాలి. తొమ్మిది వారాలప్పుడు తీసిన మొదటి స్కానింగులో మాత్రం డిసెంబర్ 20 అని ఉంది. అక్టోబర్ 18న తీసిన స్కానింగులో బిడ్డ బరువు 1,550 గ్రాములు. నవంబర్ 22న వేరే సెంటరులో తీయిస్తే 37 వారాల 3 రోజులు, బరువు 2,400 గ్రాములు, 4వ పర్సంటైల్, ఉమ్మనీరు 8 సెంటీమీటర్లు, మెడకు పేగు ఒక చుట్టు అని రాశారు. బిడ్డ తల కిందికే ఉంది. బీపీ, షుగర్ మామూలుగానే ఉన్నాయి. హిమోగ్లోబిన్ 10.2. డాక్టరుగారు డాప్లర్ చేయించుకుని రమ్మన్నారు. ఈలోగా మా అత్తగారు నవంబర్ 29న మంచి ముహూర్తం ఉందని, బిడ్డకు పేగు మెడలో పడిందని, బరువు కూడా పెరగడం లేదని, ఆపరేషన్ చేయించేద్దామంటున్నారు. మా అమ్మ వద్దంటున్నది. స్కానింగులో చెప్పిన బరువును నమ్మవచ్చా? ఆపరేషనే బిడ్డకు క్షేమమా? ఇన్నిసార్లు స్కానింగ్ తీస్తే హాని ఉండదా? ఉమ్మనీరు పెరగడానికి కొబ్బరినీళ్లు తాగమంటున్నారు, నిజమేనా?

సమాధానం: మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే నవంబర్ 29న ఆపరేషన్ చేయవలసిన కారణం నాకు ఇప్పటికైతే కనబడలేదు. అయితే మీ డాక్టరుగారు చెప్పిన, బొడ్డుతాడులో రక్తప్రసరణ ఎలా ఉందో చూసే డాప్లర్ పరీక్షను మాత్రం ఒక్క రోజు కూడా వాయిదా వేయకండి. ఈ రెండు మాటలూ కలిపే చెబుతున్నాను. ఇటువంటి ఇళ్లలో సాధారణంగా ఒకరు భయంతో ఆపరేషన్‌కు తొందరపడతారు, మరొకరు అంతా సవ్యంగానే ఉంటుందని పరీక్షలను పక్కన పెడతారు. నష్టం రెండు వైపులా ఉంది.

అన్నిటికంటే ముందు మీ నెలల లెక్క సరిచేసుకోవాలి, ఎందుకంటే మీ రిపోర్టులో ఉన్న 4వ పర్సంటైల్ అనే అంకె ఆ లెక్క మీదే నిలబడింది. నెలసరి తేదీని బట్టి వేసే లెక్క, 28 రోజులకు ఒకసారి నెలసరి వచ్చి, పద్నాలుగో రోజు ప్రాంతంలో అండం విడుదలయ్యే స్త్రీలకు సరిపోతుంది. మీకు నెలసరి 40 రోజులకు వచ్చేది కాబట్టి అండం విడుదల కావడం సుమారు పన్నెండు రోజులు ఆలస్యంగా జరిగి ఉంటుంది. తొలి స్కానింగులో వచ్చిన పది రోజుల తేడాకు కారణం అదే. మొదటి మూడు నెలల్లో తల నుంచి పిరుదుల వరకు పిండం పొడవును కొలిచి వయసు చెప్పే పద్ధతిని 1973లో గ్లాస్గోలో హ్యూ రాబిన్సన్ ప్రకటించారు. ఆ దశలో పొట్టి తల్లి బిడ్డయినా, పొడుగు తల్లి బిడ్డయినా ఇంచుమించు ఒకే పొడవు ఉంటారు కనుక, ఆ కొలతతో చెప్పే వయసులో తప్పు ఐదు నుంచి ఏడు రోజులు మించదు. తొమ్మిది నుంచి పద్నాలుగు వారాల మధ్య తీసిన స్కానింగుకూ నెలసరి లెక్కకూ వారం రోజులకు మించి తేడా వస్తే స్కానింగ్ తేదీనే ఖాయం చేసుకోవాలన్నది ప్రసూతి వైద్యంలో ఇప్పుడు అందరూ పాటించే నియమం. మీకు కాన్పు తేదీ డిసెంబర్ 20.

ఇక మీ రిపోర్టును ఆ తేదీతో మళ్లీ చదువుదాం. డిసెంబర్ 20 నుంచి వెనక్కు లెక్కిస్తే నవంబర్ 22 నాటికి మీకు సరిగ్గా 36 వారాలు నిండాయి. రెండో సెంటరు వారు నెలసరి తేదీని యంత్రంలో వేయడంతో 37 వారాల 3 రోజులని వచ్చింది. పర్సంటైల్ అంటే, అదే వయసున్న వంద మంది గర్భస్థ శిశువుల్లో మీ బిడ్డ కంటే తక్కువ బరువున్నవారు ఎంతమంది అన్న అంచనా. స్కానింగ్ యంత్రాల్లో ఎక్కువగా వాడే హ్యాడ్‌లాక్ పట్టిక ప్రకారం 2,400 గ్రాముల బరువు 37 వారాల 3 రోజుల బిడ్డకు 4వ పర్సంటైల్ దరిదాపుల్లో పడుతుంది. అదే బరువు 36 వారాల బిడ్డకు సుమారు 12వ పర్సంటైల్ అవుతుంది. పదవ పర్సంటైల్ కంటే తక్కువ ఉన్న బిడ్డనే ‘ఉండవలసిన దానికంటే చిన్న’ అని వర్గీకరిస్తారు. అంటే బిడ్డ ఒక్క గ్రాము కూడా మారకుండానే, కేవలం తేదీ మారినందువల్ల, ఆ గీతకు ఇవతలి నుంచి అవతలికి వెళ్లిపోయింది. మీ ఇంట్లో నాలుగు రోజులుగా నడుస్తున్న ఆందోళనకు చాలావరకు మూలం ఇదే.

ఒక జాగ్రత్త చెప్పాలి. చివరి నెలల్లో తీసిన స్కానింగుతో కాన్పు తేదీని మాత్రం ఎవరూ మార్చకూడదు. ఆ దశలో వయసు అంచనాలో మూడు వారాల వరకు తేడా రావచ్చు. పైగా నిజంగానే ఎదుగుదల ఆగిపోయిన బిడ్డ కొలతలు చూసి ‘నెలలే తక్కువ’ అని సరిపెట్టుకుంటే అసలు జబ్బు మరుగున పడుతుంది. తొలి స్కానింగ్ తేదీ ఒకసారి ఖాయమైతే, ఆ తరువాత ప్రతి రిపోర్టునూ దానితోనే సరిచూడాలి. తొలి నెలల్లో స్కానింగే తీయించుకోని స్త్రీలు మన గ్రామాల్లో ఇప్పటికీ ఉన్నారు. వారికోసమే గురుగ్రామ్ సివిల్ ఆసుపత్రిలో నమోదైన గర్భిణుల కొలతల ఆధారంగా, భారతీయ శిశువులకు తగిన వయసు లెక్కింపు సూత్రాలను గర్భిణి అనే పరిశోధన ద్వారా తయారు చేశారు. మీకు ఆ ఇబ్బంది లేదు. మీ దగ్గర ఉన్న కాగితాల్లో అన్నిటికంటే విలువైనది ఆ మొదటి రిపోర్టే, దాన్ని ఫైలులో పైన పెట్టుకోండి.

మీరు అడిగిన మొదటి ప్రశ్నకు వస్తాను. స్కానింగ్ యంత్రం బిడ్డను తూకం వేయదు. తల అడ్డు కొలత, తల చుట్టుకొలత, పొట్ట చుట్టుకొలత, తొడ ఎముక పొడవు అనే నాలుగింటిని కొలిచి, 1985లో హ్యాడ్‌లాక్ బృందం ప్రకటించిన సూత్రంలో పెడితే బరువు అంచనా వస్తుంది. ఎంత నిపుణులు తీసినా ఆ అంచనా అసలు బరువు కంటే 15 శాతం వరకు అటూ ఇటూ ఉండవచ్చు. మీ విషయంలో 2,400 గ్రాములంటే 2,040 నుంచి 2,760 గ్రాముల మధ్య ఎంతైనా కావచ్చు. ఈ తేడా చాలావరకు పొట్ట కొలత దగ్గర వస్తుంది. ఆ చుట్టుకొలతను బిడ్డ జీర్ణాశయం, కాలేయంలోకి వెళ్లే బొడ్డు సిర రెండూ ఒకే అడ్డుకోతలో కనిపించే చోట, గుండ్రంగా ఉండగా తీయాలి. నెలలు నిండిన బిడ్డ ముడుచుకుని, వీపు పైకి పెట్టి పడుకుంటే వెన్నెముక నీడ అడ్డుపడి ఆ వలయం సరిగ్గా దొరకదు. తల కటిలోకి దిగిపోతే తల కొలత కూడా కష్టమవుతుంది. కాబట్టి అంకె తప్పని అనుకోవద్దు, అలాగని తూకం రాయిలా ఖచ్చితమని కూడా అనుకోవద్దు. అయితే ఆ నాలుగు కొలతల్లో పొట్ట చుట్టుకొలతే ముఖ్యం. మాయ నుంచి పోషణ తగ్గినప్పుడు బిడ్డ కాలేయంలో నిల్వ ఉన్న శక్తి ముందుగా ఖర్చవుతుంది, పొట్ట పెరగడం ముందుగా మందగిస్తుంది. మెదడు మాత్రం చివరి వరకు కాపాడబడుతుంది కనుక తల కొలత మామూలుగానే ఉండవచ్చు. మీ రిపోర్టులో పొట్ట కొలతకు విడిగా ఎంత పర్సంటైల్ వచ్చిందో చూసి, డాక్టరుగారిని అడగండి.

ఒక్క రోజు తీసిన కొలత కంటే, మూడు నాలుగు వారాల ఎడంతో తీసిన రెండు కొలతలు ఎక్కువ చెబుతాయి. అక్టోబర్ 18 నాటికి తొలి స్కానింగ్ లెక్కన మీకు 31 వారాలు. అప్పటి 1,550 గ్రాములు అదే పట్టికలో దాదాపు 18వ పర్సంటైల్. అక్కడి నుంచి ఐదు వారాల్లో 850 గ్రాములు పెరిగి 12కు చేరింది. ఇది కొంచెం జారడమే గానీ పడిపోవడం కాదు. వేర్వేరు సెంటర్లలో, వేర్వేరు చేతుల మీదుగా తీసిన కొలతల మధ్య ఇంత తేడా రావడం మామూలే. బిడ్డ బరువు పెరగడం లేదన్న మీ అత్తగారి భయానికి ఆధారం లేదు. ఒకవేళ ఆ బిడ్డే అక్టోబరులో 70వ పర్సంటైల్‌లో ఉండి ఇప్పుడు 12కు వచ్చి ఉంటే, పదికి పైనే ఉంది కదా అని నేను ఊరుకునేవాణ్ని కాదు. పర్సంటైల్ యాభై మెట్లకు పైగా దిగజారితే, బిడ్డ చిన్నది కాకపోయినా ఎదుగుదల మందగించిందనే అనుమానించాలి.

తల్లి చిన్నగా ఉంటే బిడ్డ చిన్నగా ఉండటం సహజమే కదా అని మీకు అనిపించవచ్చు. దీనిమీద పెద్ద పరిశోధనలే జరిగాయి. 2014లో వెలువడిన ఇంటర్‌గ్రోత్ అధ్యయనం మన నాగపూర్‌తో కలిపి ఎనిమిది ప్రాంతాల్లో, మంచి ఆహారం, మంచి ఆరోగ్యం ఉన్న తల్లులను ఎంచుకుని, వారి బిడ్డల ఎదుగుదల ఎక్కడైనా ఒకే తీరుగా ఉంటుందని వాదించి ఒకే పట్టికను ఇచ్చింది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌తో సహా పది దేశాల్లో చేసిన అధ్యయనంలో మాత్రం దేశాల మధ్య తేడాలు కనిపించాయి. తల్లి ఎత్తు, బరువు, వయసు, ఎన్నో కాన్పు అన్నవి కూడా బిడ్డ బరువును ప్రభావితం చేస్తున్నాయని తేలింది. నా అభిప్రాయంలో 150 సెంటీమీటర్ల ఎత్తు, 45 కిలోల బరువు ఉన్న తల్లికి 12వ పర్సంటైల్ బిడ్డ ఆరోగ్యంగా పుట్టడం చాలా సాధారణం. కానీ ‘మా ఇంట్లో అందరూ చిన్నవాళ్లే’ అన్న మాటతో పరీక్ష మానేయడాన్ని నేను ఒప్పుకోను, ఎందుకంటే మాయ సరిగ్గా పనిచేయని బిడ్డ కూడా పైకి అలాగే చిన్నగానే కనిపిస్తుంది.

ఈ రెండు రకాల చిన్న బిడ్డలను వేరు చేయడమే అసలు సమస్య. స్కానింగులు ఎక్కువ తీస్తే మేలు జరుగుతుందా అని పరిశోధకులు ఎన్నో ఏళ్లుగా పరీక్షిస్తూనే ఉన్నారు. అమెరికాలో 15,151 మంది తక్కువ ప్రమాదం ఉన్న గర్భిణులతో జరిపి 1993లో ప్రకటించిన రేడియస్ అధ్యయనంలో, అందరికీ మామూలుగా స్కానింగులు చేసినందువల్ల బిడ్డల క్షేమంలో మెరుగుదల కనిపించలేదు. కేంబ్రిడ్జిలో సుమారు నాలుగు వేల మంది తొలిచూలు తల్లులతో జరిపి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, చివరి నెలల్లో అందరికీ స్కానింగ్ తీస్తే చిన్న బిడ్డల్లో 57 శాతం మందిని ముందే గుర్తించగలిగారు. అవసరమని అనిపించినవారికే తీసే పాత పద్ధతిలో గుర్తించింది 20 శాతం మందినే. ఇది ఎంతో పెద్ద మెరుగుదల. అదే అధ్యయనంలో తేలిన రెండో సంగతి మీకు ఇంకా ముఖ్యం. చిన్నవిగా కనిపించిన బిడ్డల్లో పుట్టాక ఇబ్బందులు ఎక్కువగా వచ్చింది, పొట్ట చుట్టుకొలత పెరుగుదల కూడా బాగా మందగించినవారికే. నెదర్లాండ్స్‌లో 13,046 మందితో జరిపి 2019లో ప్రకటించిన ఐరిస్ అధ్యయనంలో, అందరికీ స్కానింగులు తీయడంతో చిన్న బిడ్డలను గుర్తించడం 19 నుంచి 32 శాతానికి పెరిగింది గానీ, బిడ్డలకు తీవ్రమైన హాని జరిగిన సందర్భాలు రెండు వర్గాల్లోనూ దాదాపు సమానంగా 1.7, 1.8 శాతం ఉన్నాయి. బిడ్డ చిన్నదని తెలుసుకున్నంత మాత్రాన బిడ్డకు మేలు జరగలేదు.

మేలు జరిగినట్టు రుజువైన చోటు డాప్లర్ దగ్గర ఉంది. ప్రమాదం ఎక్కువగా ఉన్న గర్భాల్లో బొడ్డుతాడు రక్తప్రసరణను డాప్లర్‌తో పరిశీలించిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూస్తే, పది వేలకు పైగా గర్భిణుల్లో, కాన్పుకు ముందూ తరువాతా కలిపి శిశు మరణాలు 1.7 నుంచి 1.2 శాతానికి, అంటే దాదాపు 29 శాతం మేర తగ్గాయి. అందుకే మీ డాక్టరుగారు బరువు అంకె దగ్గర ఆగిపోకుండా డాప్లర్‌కు పంపారు. అది సరైన నిర్ణయం.

1977లో డబ్లిన్‌లో ఫిట్జ్‌గెరాల్డ్, డ్రమ్ అనే వైద్యులు మొదలుపెట్టిన ఈ పరీక్షలో ఏం చూస్తారో చెబితే రిపోర్టు మీకే అర్థమవుతుంది. బిడ్డ గుండె కొట్టుకున్నప్పుడల్లా రక్తం బొడ్డుతాడు గుండా మాయలోకి వెళుతుంది. మాయలోని సన్నటి రక్తనాళాలు ఆరోగ్యంగా, బాగా విచ్చుకుని ఉంటే రెండు స్పందనల మధ్య గుండె విశ్రాంతి తీసుకునే క్షణంలో కూడా రక్తం ముందుకే సాగుతూ ఉంటుంది. ఆ నాళాలు దెబ్బతింటే ఎదురు ఒత్తిడి పెరిగి, ఆ విశ్రాంతి సమయంలో ప్రవాహం తగ్గుతుంది. ఇంకా పాడైతే పూర్తిగా ఆగిపోతుంది, చివరకు వెనక్కు మళ్లుతుంది. నెలలు నిండే దశలో మాత్రం బొడ్డుతాడు ప్రవాహం మామూలుగా ఉండగానే, ఆక్సిజన్ చాలని బిడ్డ మెదడు రక్తనాళాలను వెడల్పు చేసుకుని ఎక్కువ రక్తాన్ని లాక్కోవడం మొదలుపెడుతుంది. కాబట్టి మీ పరీక్షలో బొడ్డుతాడుతో పాటు మెదడుకు వెళ్లే ధమనిని కూడా చూశారో లేదో అడగండి. రెండూ రాసి ఉన్న రిపోర్టునే పూర్తి రిపోర్టుగా భావించండి.

ఆ ఫలితాన్ని బట్టి దారి మారుతుంది. తేదీ సరిచేశాక బిడ్డ పదవ పర్సంటైల్‌కు పైనే ఉండి, రెండు ప్రవాహాలూ బాగుంటే, మీరు నొప్పులకోసం ఎదురుచూడవచ్చు. వారానికి ఒకసారి బిడ్డ గుండె తీరునూ ఉమ్మనీరునూ చూపించుకుంటూ, రెండు వారాల తరువాత ఎదుగుదల స్కానింగ్ మళ్లీ తీయించుకోవాలి. బరువు పదవ పర్సంటైల్ కంటే తక్కువని తేలినా ప్రవాహాలు బాగుంటే 38, 39 వారాల మధ్య నొప్పులు రప్పించడం మంచిదని ఎక్కువమంది వైద్యులు సలహా ఇస్తారు. బరువు మూడవ పర్సంటైల్ కంటే దిగువన ఉంటే, లేదా బొడ్డుతాడులో ఎదురు ఒత్తిడి పెరిగి ఉంటే 37 వారాల ప్రాంతంలోనే కాన్పు చేస్తారు. ప్రవాహం ఆగిపోయినట్టు కనిపిస్తే మాత్రం అదే రోజు ఆసుపత్రిలో చేరాలి, అప్పుడు ఆపరేషనే క్షేమం కావచ్చు, ఎవరి అభ్యంతరమూ వినకండి. ఈ నాలుగింటిలో ఏ దారి అన్నది డాప్లర్ తేల్చాలి, పంచాంగం కాదు.

బిడ్డ చిన్నదైతే ఆపరేషనే క్షేమమనే నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. నెదర్లాండ్స్‌లో 36 వారాలు దాటాక బిడ్డ ఎదుగుదల తగ్గిందని అనుమానమున్న 650 మంది గర్భిణులను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి నొప్పులు రప్పించి, మరో వర్గాన్ని జాగ్రత్తగా కనిపెడుతూ వేచి చూశారు. 2010లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం బిడ్డలకు ఎదురైన ఇబ్బందుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంతకంటే గమనించదగ్గది, రెండు వర్గాల్లోనూ సుమారు 14 శాతం మందికే సిజేరియన్ అవసరమైంది. అంటే చిన్నదని అనుమానించిన బిడ్డల్లోనూ ఎక్కువమంది మామూలు కాన్పుతోనే బయటికి వచ్చారు. ఇటువంటి కాన్పులో బిడ్డ గుండె చప్పుడును నొప్పుల సమయమంతా గమనిస్తూ ఉండాలి, అవసరమైతే నిమిషాల మీద ఆపరేషన్ చేయగల థియేటరు, నవజాత శిశువుల విభాగం ఆ ఆసుపత్రిలోనే ఉండాలి. మధ్యలో ఆపరేషన్ చేయవలసి వస్తే అది మీ వైఫల్యం కాదని మీ అమ్మగారికి కూడా ఇప్పుడే చెప్పి ఉంచండి.

ముహూర్తం సంగతి సూటిగానే రాస్తాను, మీ అత్తగారి నమ్మకం మీద నాకు అగౌరవం లేదు. మీ లెక్క సరిచేస్తే నవంబర్ 29 నాటికి మీకు 37 వారాలు మాత్రమే నిండుతాయి, 38 దాటాయని మీ ఇంట్లో అనుకుంటున్నారు. ఆ పది రోజులు చిన్నవి కావు. అమెరికాలో 13 వేల మందికి పైగా స్త్రీలకు, అంతకుముందు సిజేరియన్ అయినందువల్ల ముందే తేదీ నిర్ణయించి చేసిన ఆపరేషన్లను పరిశీలించి 2009లో ప్రకటించిన అధ్యయనంలో, శ్వాస ఇబ్బంది వంటి సమస్యలు 37 వారాలకు పుట్టిన బిడ్డల్లో 15.3 శాతం మందికి, 38 వారాలకు 11 శాతం మందికి, 39 వారాలకు 8 శాతం మందికి వచ్చాయి. నొప్పులు మొదలు కాకుండా ఆపరేషన్ చేస్తే బిడ్డ ఊపిరితిత్తుల్లోని ద్రవం సరిగ్గా ఇంకక ఆయాసం వస్తుంది. వైద్య కారణం ఉంటే ఆ ప్రమాదాన్ని భరించడం న్యాయం. మంచి ఘడియ కోసం బిడ్డను ఇంక్యుబేటరులో పెట్టుకోవలసి రావడం న్యాయం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం ఆపరేషన్లే. దేశ సగటు 21.5 శాతం. ఇన్ని ఆపరేషన్లు మన తల్లుల శరీరానికి అవసరమై జరిగాయని నేను నమ్మను. మొదటి కాన్పు ఆపరేషన్ అయితే తరువాతి గర్భాల్లో మాయ పాత కుట్టు మీద అతుక్కుని తీవ్ర రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది. మీకు ఇది తొలి కాన్పు కాబట్టే ఇంత నొక్కి చెబుతున్నాను.

మెడలో పేగు గురించి మీరు నిశ్చింతగా ఉండవచ్చు. నెలలు నిండి పుట్టే బిడ్డల్లో దాదాపు నలుగురిలో ఒకరికి మెడ చుట్టూ బొడ్డుతాడు ఉంటుంది. గర్భంలో బిడ్డ గొంతుతో ఊపిరి పీల్చదు, ప్రాణవాయువు ఆ తాడులోని రక్తం ద్వారానే అందుతుంది, తాడులోని నాళాలను జిగురు వంటి మందపాటి పదార్థం ఒత్తిడి నుంచి కాపాడుతుంది. ఒక చుట్టు ఉన్నంత మాత్రాన ఆపరేషన్ చేయవలసిన అవసరం లేదు. తల బయటికి రాగానే డాక్టరు ఆ చుట్టును వేలితో తప్పిస్తారు. పేగు మెడలో వేసుకుని పుడితే మేనమామకు గండమనే మాట వల్ల కూడా మీ ఇంట్లో భయం పెరిగి ఉండవచ్చు. అవసరమనుకుంటే శాంతి పుట్టిన తరువాత చేయించుకోవచ్చు, దానికోసం కాన్పు తీరు మార్చుకోనక్కరలేదు.

ఉమ్మనీరు 8 సెంటీమీటర్లు మామూలే. నాలుగు భాగాల్లో కొలిచిన లోతుల మొత్తం 5 కంటే తగ్గితేనే తక్కువని అంటారు. ఉమ్మనీరు తక్కువగా ఉన్న స్త్రీలు ఎక్కువ నీళ్లు తాగితే ఆ కొలత కొంత పెరుగుతుందని చిన్న అధ్యయనాల్లో తేలింది. కొబ్బరినీళ్లకు ప్రత్యేక శక్తి ఏమీ లేదు. ఇష్టమైతే తాగండి, మంచినీళ్లు తగినంత తాగితే చాలు. మీ కాగితాల్లో ఎవరూ పట్టించుకోని అంకె హిమోగ్లోబిన్ 10.2. గర్భిణికి 11 కంటే తగ్గితే రక్తహీనతే. ఐరన్ మాత్రలు వేసుకుంటున్నారో లేదో మీరు రాయలేదు. మానేసి ఉంటే వెంటనే మొదలుపెట్టి, టీ కాఫీలకు దూరంగా, నిమ్మరసం వంటి పుల్లనిదానితో వేసుకోండి. కాన్పులో పోయే రక్తాన్ని తట్టుకునే శక్తి అక్కడి నుంచే వస్తుంది.

స్కానింగులో ఎక్స్‌రే కిరణాలు ఉండవు, ధ్వని తరంగాలే ఉంటాయి. స్కానింగులు చేయించుకున్న తల్లుల బిడ్డలను పెద్దయ్యే వరకు గమనించిన పరిశోధనల్లో చెప్పుకోదగ్గ హాని కనిపించలేదు. డాప్లర్‌లో కొంత వేడి పుట్టే అవకాశం ఉంది కనుక తొలి వారాల పిండం మీద దాన్ని అనవసరంగా వాడరు. మీ దశలో, కారణం ఉండి, కొద్ది నిమిషాలు చేసే డాప్లర్‌కు భయపడకండి. తెలిసినవారి దగ్గర సరదాగా మరోసారి చూపించుకోవడం మాత్రం వద్దు. హానికి భయపడి చెప్పడం లేదు. వేరే యంత్రంలో మరో అంకె వస్తే మీ ఇంట్లో గందరగోళం ఇంకా పెరుగుతుంది.

ఏ యంత్రమూ రోజంతా చేయలేని పని ఒకటి మీ చేతిలో ఉంది. రోజూ భోజనం చేశాక ఎడమ వైపు తిరిగి పడుకుని బిడ్డ కదలికలను గమనించండి. రెండు గంటల్లో పది కదలికలు తెలియాలి, చాలామందికి అంతకంటే ముందే తెలుస్తాయి. నెలలు నిండేకొద్దీ చోటు చాలక బిడ్డ కదలడం తగ్గుతుందని పెద్దలు చెబుతుంటారు. కదలిక తీరు తన్నడం నుంచి ఒత్తుతూ దొర్లడంగా మారవచ్చు గానీ కదలికలు తగ్గకూడదు. తగ్గాయనిపిస్తే తీపి తిని చూద్దామనో, తెల్లవారాక వెళదామనో ఆగకుండా, అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లండి. నీరు కారినా, రక్తం కనిపించినా, తలనొప్పితో చూపు మసకబారినా, ముఖం చేతులు ఉబ్బినా అలాగే వెళ్లాలి. ఇప్పుడు బీపీ మామూలుగా ఉన్నా, బిడ్డ చిన్నదన్న అనుమానం ఉన్న గర్భంలో చివరి వారాల్లో అది పెరగవచ్చు, కాబట్టి వారానికి రెండుసార్లు దగ్గరలోని ఆరోగ్య కేంద్రంలోనైనా చూపించుకోండి.

డాప్లర్‌కు వెళ్లేటప్పుడు మొదటి స్కానింగ్ రిపోర్టు, అక్టోబర్ 18 నాటిది, నవంబర్ 22 నాటిది మూడూ తీసుకెళ్లి, యంత్రంలో కాన్పు తేదీ డిసెంబర్ 20 అని వేయమని ముందే అడగండి. తరువాతి ఎదుగుదల స్కానింగ్ డిసెంబర్ 6కు ముందు వద్దు, ఎందుకంటే రెండు వారాలకంటే తక్కువ ఎడంలో కొలతల్లో వచ్చే తప్పే ఎదుగుదల కంటే పెద్దదిగా కనిపిస్తుంది. అది వీలైతే డాప్లర్ చేసిన సెంటరులోనే, అదే డాక్టరు చేత తీయించండి. డాప్లర్ ఫలితం రాగానే, డాక్టరుగారి దగ్గరికి మీ అత్తగారినీ అమ్మగారినీ ఇద్దరినీ వెంటబెట్టుకుని వెళ్లి, ‘బిడ్డకు ఎన్ని వారాలు, పొట్ట కొలత ఎంత, రెండు ప్రవాహాలూ ఎలా ఉన్నాయి, ఎప్పటి వరకు ఆగవచ్చు’ అని వారి ఎదుటే అడగండి.